రెండో వరస రంగు

రెండో వరస కొంచెం వెనక్కి వెళ్ళాలన్నాడు తిరుమలరావు. వెనక్కంటే కిందికా అని గౌరి అడిగింది. కిందికి కాదన్నాడు. చోటు మారకూడదు, అక్షరాల సైజు మారకూడదు, కంటికి ముందు మొదటి వరసే ఆనాలి, అంతే అన్నాడు.

సోమవారం పదకొండు గంటలు. శ్రీకాకుళంలో అరసవల్లి వెళ్ళే రోడ్డు మీద, మందుల షాపు పైన ఉన్న రెండు గదుల ఆఫీసు. వెబ్‌సైట్లు తయారు చేస్తారు. పనిచేసేది ముగ్గురు. యజమాని త్రినాథ్. ఫారం నింపితే ఆ వివరాలు ఎక్కడికి వెళ్ళాలో, ఎలా దాచాలో రాసేది షీబా. పేజీ కంటికి ఎలా కనబడాలో రాసేది గౌరి. తిరుమలరావు ఈ సైటు చేయించుకుంటున్న కంపెనీ మనిషి. ఆ కంపెనీ సముద్రం ఒడ్డున జెట్టీ, చేపల కోల్డ్ స్టోరేజీ కట్టబోతోంది. భూమి వ్యవహారాలు ఆయన చూస్తాడు. ఇంతకుముందు భోగాపురం వైపు అదే పని చేశాడు.

కంపెనీకి కావలసింది చినదిబ్బపాలెంలో తెప్పలు లాగి, వలలు ఆరేసుకునే ఇసకదిబ్బ. ఊళ్ళో రెండు వందల పన్నెండు గడపలు. ప్రతి గడపా రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి. మొదటిది, ఇంటికొకరికి కంపెనీలో ఉద్యోగం. రెండోది, ఊరి పక్కన పారే గెడ్డకి ఉత్తరాన తెప్పలకీ వలలకీ అంతే స్థలం. ఈ ఎంపిక ఆన్‌లైన్లో జరగాలని భూసేకరణ చూసే ప్రభుత్వ అధికారి ఉత్తరం ఇచ్చాడు. రెండు వరసలూ ఒకే పేజీలో ఉండాలి, ఒకే సైజు అక్షరాల్లో ఉండాలి, ఏదీ ముందే టిక్కయి ఉండకూడదు అని అందులో ఉంది. రంగు గురించి ఏమీ లేదు. తిరుమలరావు ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివానని చెప్పాడు.

చినదిబ్బపాలెం గౌరి ఊరు. త్రినాథ్‌కి తెలుసు. తిరుమలరావుకి తెలియదు.

గౌరి రాసేది బ్రౌజరుకి నేరుగా అర్థమయ్యే భాష కాదు. అందులో రంగుకి ఒక పేరు పెట్టుకోవచ్చు. ఆ పేరుని పేజీలో ఎన్నిచోట్లైనా వాడొచ్చు. తర్వాత పేరు దగ్గర ఒక్కచోట రంగు మారిస్తే అన్నిచోట్లా మారుతుంది. అలా రాసిన ఫైలుని కంపైల్ చేస్తే బ్రౌజరు చదవగలిగే ఫైలు తయారవుతుంది. గౌరి రెండు వరసలకీ కలిపి ఒకటే పేరు పెట్టింది. దాని రంగు ముదురు బూడిద, దాదాపు నలుపు. ఇప్పుడు రెండో వరసకి వేరే రంగు కావాలంటే వేరే పేరు కావాలి. మొదటి పేరు కింద ఒక ఖాళీ గీత చేసుకుని కొత్త పేరు రాసింది. దాని పక్కన లేత బూడిద రంగు నంబరు వేసింది. రెండో వరసకి ఆ పేరు తగిలించింది. సేవ్ చేసింది.

పేజీ మళ్ళీ తెరిస్తే రెండో వరస పలచబడింది. తిరుమలరావు తన ఫోనులో, సైటు జనానికి తెరవకముందు సరిచూసుకునే టెస్ట్ లింకు తెరిచి, కిటికీ దగ్గరికి వెళ్ళి ఎండలో పట్టుకుని చూశాడు. ఇంకా కొంచెం అన్నాడు. గౌరి నంబరు మార్చింది. ఆయన మళ్ళీ ఎండలో చూశాడు.

"చాలు. ఉన్నట్టే ఉంది" అన్నాడు.

షీబా తన కుర్చీలోంచి లేవలేదు. ఆయన మెట్లు దిగి వెళ్ళాక, "ఉన్నాది, కనబడదు. ఈయన దెయ్యాలకి సైటు కట్టిస్తన్నాడు కాబోలు" అంది. త్రినాథ్ లోపలి గదిలోంచి, పని చూసుకోండమ్మా అన్నాడు.

ఆ సాయంత్రం గౌరి ఇంటికి చేరేసరికి మేనమామ కూర్మయ్య అరుగు మీద వల బాగు చేస్తున్నాడు. ఆయన ఇల్లు పక్కనే. వెలుతురు ఉన్నంతసేపు వీళ్ళ అరుగు మీద కూర్చుంటాడు. చిరిగిన చోటు కాలి బొటనవేలికి తగిలించి లాగి పట్టుకుని, దారం ముడి వేసి, పంటితో కొరుకుతున్నాడు.

"కంపెనీవోళ్ళ సైటు నువ్వే సేస్తన్నావటే?" అన్నాడు.

గౌరి చెప్పులు విప్పి గడప మీద కూర్చుంది. చెప్పకూడదనే అనుకుంది. "రెండోదాన్ని కనబడకుండా సేయమన్నారు మావా. సేసాను" అంది.

"కనబడకుండా అంటే? సెరిపీమన్నారా?"

"సెరపలేదు. ఉంటాది. తెల్లగోడ మీద సున్నంతో రాసినట్టుంటాది. ఎండలో ఫోను సూస్తే ఏటీ తెలీదు."

కూర్మయ్య ముడి బిగించాడు. "మరి నువ్వెందుకు సేసావే?"

"ఉద్యోగం మావా."

"అవునే. ఆళ్ళూ మొదటి వరసలో అదే కదా రాసారు" అన్నాడు. వల చుట్టి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మంగళవారం షీబా రాలేదు. వాళ్ళమ్మని విజయనగరం కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. సైటు బుధవారం ఉదయం తెరుచుకోవాలి. ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చి, గౌరిని పక్కన కూర్చోబెట్టుకుని, అసలు సైటుని ఒకసారి సర్వరు మీదికి ఎక్కించి చూసింది షీబా. అప్పటికి రెండు వరసలూ ఒకే రంగు. సోమవారం మార్పులు మాత్రం గౌరే ఎక్కించాలి. మరిచిపోకుండా షీబా ఒక కాగితం మీద నాలుగు పనులు రాసి మానిటరు అంచుకి అంటించి వెళ్ళింది. ఒకటి, కొత్త ఫైళ్ళు సర్వరు మీదికి తేవాలి. రెండు, రంగుల ఫైలు కంపైల్ చేయాలి. మూడు, తయారైనవన్నీ ఒకచోట చేర్చాలి. నాలుగు, సర్వరుని ఆపి మళ్ళీ నడపాలి. ఒక్కోదాని ముందు టిక్కు పెట్టడానికి ఒక గడి గీసింది. రెండో పని కింద రెండు గీతలు గీసింది. టెస్ట్ సైటులో కంపైల్ దానంతటదే జరిగిపోతుంది, పేజీ తెరిచినప్పుడల్లా. అసలు సైటులో జరగదు. ఎవరో ఒకరు కమాండ్ ఇవ్వాలి. ఇవ్వకపోతే పాత ఫైలే ఉంటుంది. ఈ తేడా ఎప్పుడూ మరిచిపోయేది గౌరే కాబట్టి ఆ రెండు గీతలు.

ఈసారి గౌరి మరిచిపోలేదు. మొదటి పని చేసింది. గడిలో టిక్కు పెట్టింది. రెండోది టైప్ చేసింది. అక్షరాలు నల్ల తెర మీద వరసగా నిలబడ్డాయి. ఎంటర్ నొక్కితే పది సెకన్ల పని. కింద మందుల షాపు దగ్గర ఎవరో బైకు స్టార్ట్ చేస్తున్నారు. అది అందుకోవడం లేదు. ఆరుసార్లు కిక్ కొట్టారు. ఏడోసారికి అందుకుంది.

గౌరి వెనక్కి చెరిపే మీట మీద వేలు పెట్టి ఉంచింది. అక్షరాలు కుడి నుంచి ఎడమకి పోయాయి. మూడో పని చేసింది. నాలుగో పని చేసింది. కాగితం మీద నాలుగు గడుల్లోనూ టిక్కులు పెట్టింది.

ఎక్కించేశావా అని త్రినాథ్ లోపల్నుంచి అడిగాడు.

"ఎక్కించాను సార్."

త్రినాథ్ తన ఫోనులో టెస్ట్ లింకు తెరిచి చూశాడు. రెండో వరస పలచగా ఉంది. అసలు సైటులో ఆ పేజీ రావాలంటే ఊళ్ళో ఎవరిదైనా రేషన్ కార్డు నంబరు కొట్టాలి, వాళ్ళ ఫోనుకి ఓటీపీ వెళ్ళాలి. లేదంటే షీబా దగ్గరున్న పరీక్ష నంబరు కావాలి. త్రినాథ్ అంత దూరం వెళ్ళలేదు. తిరుమలరావుకి ఫోన్ చేసి, అయిపోయింది సార్ అన్నాడు.

సాయంత్రం గౌరి బస్సెక్కింది. ఎవరికైనా తెలిస్తే ఉద్యోగం పోతుంది. చేరి పదకొండు నెలలు, ఇంకా ట్రైనీ కిందే ఉంది. ఇంటికెళ్ళాక కూర్మయ్య అరుగు మీద లేడు. వేటకి వెళ్ళాడు, రెండు రోజులకి గానీ రాడని తల్లి లక్ష్మణమ్మ చెప్పింది. ఉన్నా చెప్పేది కాదు. చెప్పవలసిన అవసరమూ కనబడలేదు. అక్షరాలు నల్లగా ఉన్నాయి. చూసుకునే వాళ్ళు చూసుకుంటారు.

బుధ, గురు, శుక్ర మూడు రోజులూ సైటు తెరిచి ఉంది. శుక్రవారం ఆరింటికి మూసేస్తారు. తల్లి కార్డు తనే నింపుదామని గౌరి ఆ రోజు పర్మిషన్ తీసుకుని నాలుగింటికే బయలుదేరింది. శ్రీకూర్మం దాకా బస్సు, అక్కడి నుంచి షేరాటో. ఇంటికి వచ్చేసరికి లక్ష్మణమ్మ చేపలమ్మే ఖాళీ తట్టని ఉప్పునీటితో కడుగుతోంది. గౌరి గోడకి ఆనుకుని కూర్చుని ఫోనులో కార్డు నంబరు కొట్టింది. ఆకుపచ్చ గళ్ళో ఒక వాక్యం వచ్చింది. ఈ కార్డుపై ఎంపిక ఇప్పటికే నమోదైంది. ఆ ఆకుపచ్చ రంగు కూడా గౌరి పెట్టిందే.

"మొన్నే అయిపోనాది కదే" అంది లక్ష్మణమ్మ. "ధనరాజు సెంటర్లో ఇచ్చీసాను. ఫోనుకి నంబరొచ్చింది, సెప్పీసి ఎల్లిపోనాను. తట్టలో ఐసు కరిగిపోతంది."

"ఏది నొక్కాడు?"

"నాకేటి తెలుసు. ఏది నొక్కాలో ఆడికి తెలీదేటి, సదువుకున్నోడికి?"

"నీకేది కావాలో అడగలేదా?"

"నాకు స్థలమే కావాలి. తెప్పలు నేకపోతే నాను తట్టలో ఏటి ఎట్టుకుని తిరుగుతాను, ఇసకా? ఆడికి తెలుసు కదా ఆ సంగతి." తట్టని గోడకి బోర్లించి, చెయ్యి చీరకి తుడుచుకుంది. "ఏటే, ఏటైపోనాది?"

ధనరాజు నెట్ సెంటర్ రామమందిరం పక్క సందులో ఉంది. ధనరాజు గౌరికి వరసకి అన్న. ఆమె వెళ్ళేసరికి రేషన్ కార్డుల జిరాక్సులు రబ్బరు బ్యాండ్లు వేసి కట్టలు పెడుతున్నాడు. మూడు రోజుల్లో నూట తొంభై మందికి పైగా చేశానని చెప్పాడు. భుజం పట్టేసిందని చెప్పాడు. అమ్మకి ఏది నొక్కావని అడిగితే, అందరికీ ఒకటే అన్నాడు.

"రెండోది కనబడలేదా అన్నా?"

"కనబడకపోవడమేటి. నిక్షేపంలా ఉన్నాది." ఒక కట్ట తీసి పక్కన పెట్టాడు. "రెండోది నొక్కితే సూడు, కింద ఇంకో మూడు గళ్ళు తెరుసుకుంటాయి. తెప్ప నంబరు కావాలంటాది. తెప్ప ఫోటో కావాలంటాది. వలల లెక్క కావాలంటాది. ఒకటోది నొక్కితే తిన్నగా ఎల్లిపోతాది. నూట తొంభై మందిని ఒడ్డుకి తీసుకెళ్ళి, తెప్ప పక్కన నిలబెట్టి ఫోటోలు తీయమంటావేటి? మొదటి రోజు ఇద్దరు ముగ్గురికి సేసాను. ఒక్కోరికి అరగంట. బయట లైను సూసావా నువ్వు?"

ఆ మూడు గళ్ళు గౌరికి తెలుసు. వాటికి అంచులు గీసింది తనే. మొదటి వరస నొక్కినప్పుడు అవి ముడుచుకుపోయేలా రాసింది కూడా తనే. మూడు వారాలుగా రోజూ తెరిచి మూసి చూసుకుంది. వరస కనబడుతుందా లేదా అనే తప్ప, నొక్కే మనిషి ఎవరు, వాడి వెనక లైనెంత అని ఆలోచించలేదు.

"నాకు సూపర్‌వైజరు పని ఇస్తామన్నారులే కంపెనీవోళ్ళు" అన్నాడు ధనరాజు. "అందుకు సేసాననుకోకు. ఆ మాట తర్వాతన్నారు."

శనివారం తిరుమలరావు మందస కోవా డబ్బా తెచ్చాడు. నూట తొంభై ఏడు గడపలు మొదటిది ఎంచుకున్నాయి. తొమ్మిది గడపలు రెండోది. ఆరు గడపలు అసలు నింపలేదు. త్రినాథ్ అందరినీ పిలిచి కూర్చోబెట్టాడు. తిరుమలరావు డబ్బా మూత తీసి ముందు గౌరి దగ్గర పెట్టాడు.

"నేను వంద దాటితే గొప్పనుకున్నాను. ఆ రంగు పనిచేసిందమ్మా" అన్నాడు.

గౌరి ఒక ముక్క తీసుకుంది. తినలేదు. అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. ఒకటో తారీకు నుంచి గౌరిని పర్మనెంట్ చేస్తున్నానని త్రినాథ్ అక్కడే చెప్పాడు. ఆమె చేతిలో కోవా మెత్తబడి వేళ్ళకి అంటుకుంది. బాత్‌రూమ్‌కి వెళ్ళి చెయ్యి కడుక్కుంది.

ఆదివారం గౌరి వాళ్ళ అరుగు మీద కూర్మయ్యతో కలిపి పదిహేను మంది కూర్చున్నారు. అర్జీ రాయిస్తున్నారు. శ్రీకూర్మం నుంచి వచ్చిన దస్తావేజుల రాతగాడు జగన్నాధం మోకాలి మీద అట్ట పెట్టుకుని రాస్తున్నాడు. గౌరి లోపలి గదిలో బియ్యం ఏరుతూ విన్నది. పేజీలో రెండవ ఎంపిక అక్షరములు కంటికి కనబడని రంగులో ఉంచినందున అని జగన్నాధం చదివాడు. ధనరాజు మీద కూడా రాయాలని ఒకాయన అన్నాడు. ఎవరికేది కావాలో అడక్కుండా నొక్కేశాడు, అది రాయాలన్నాడు. కూర్మయ్య ఒప్పుకోలేదు.

"ఆడేటి సేస్తాడు పాపం. ఆడికీ కనబడుండదు. మనోడి మీద మనవే రాసుకుంటామేటి? తప్పు కంపెనీది. అదొక్కటే రాయి, గట్టిగా రాయి" అన్నాడు.

గౌరి చేటలోంచి ఒక రాయి ఏరి గుమ్మంలోకి విసిరింది. లేచి వెళ్ళి చెప్పాలంటే రెండు సంగతులు చెప్పాలి. అక్షరాలు కనబడ్డాయని చెప్పాలి. ఎందుకు కనబడ్డాయో చెప్పాలి. పదిహేను మంది ముందు చెబితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, రేపటికి తిరుమలరావుకి తెలుస్తుంది. ఈ అర్జీ ఏ బల్ల మీదా కదలదు అనుకుంది. అంతకుముందు ఇచ్చిన మూడూ కదలలేదు.

వెళ్ళబోతూ కూర్మయ్య గుమ్మంలోకి తొంగి చూసి, "నీ పేరు ఎక్కడా ఎట్టలేదులే" అన్నాడు.

సోమవారం అర్జీ ఇచ్చారు. ఇది కదిలింది. మంగళవారం పదకొండింటికి త్రినాథ్‌కి ఫోనొచ్చింది. సాయంత్రం నాలుగు గంటలకి అధికారి ముందు కంపెనీ తరఫు వాళ్ళూ, ఊరివాళ్ళూ, సైటు చేసిన వాళ్ళూ ఉండాలి. త్రినాథ్ లోపలి గదిలోంచి ఫోను చేతిలోనే పట్టుకుని బయటికి వచ్చాడు. చొక్కా వీపున తడిసింది.

"గౌరీ, రంగు పాతది పెట్టెయ్. ఇప్పుడే. రెండూ ఒకటే చేసి ఎక్కించెయ్" అన్నాడు.

"ఎక్కిస్తే ఫైలు మీద ఇవాల్టి తారీకు పడతాది" అంది షీబా. "అర్జీ నిన్నటిది. మీరే తాడు తీసుకెళ్ళి ఆళ్ళ చేతికిచ్చినట్టుంటాది. ఆగండి, అక్కడ ఏటుందో ముందు సూస్తాను."

సర్వరు తెరిచింది. కంపైల్ అయిన ఫైలు ఎక్కడుంటుందో ఆ ఫోల్డరులోకి వెళ్ళింది. తారీకు చూసింది. ఇంకోసారి చూసింది. ఫైలు తెరిచి రెండో వరస రంగు వెతికింది. తర్వాత పరీక్ష నంబరు కొట్టి అసలు సైటు తెరిచింది. రెండు వరసలూ నల్లగా ఉన్నాయి.

షీబా మానిటరు అంచున ఉన్న కాగితం వంక చూసింది. నాలుగు టిక్కులున్నాయి. రెండో గడిలో టిక్కు కూడా నిలువుగా, మిగతా వాటిలాగే ఉంది. గౌరి కీబోర్డు వంక చూస్తోంది. షీబా కాగితం ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి, బ్యాగులో బైబిలు అట్టలోపల పెట్టుకుంది.

"సార్, కంపైల్ ఆదివారంది. సోమవారం మార్పు అసలు సైటుకి రాలేదు. మొదటి రోజు నుంచీ రెండూ ఒకటే రంగు" అంది.

త్రినాథ్ షీబా కుర్చీ దగ్గరికి వచ్చాడు. వంగి తెర చూశాడు. గౌరి భుజం మీద చెయ్యి వేయబోయి, కుర్చీ వీపు మీద వేశాడు. "మరిచిపోయావా? మరిచిపోయావమ్మా?" అన్నాడు. నవ్వుతున్నాడు. "నీ మతిమరుపు నన్ను జైలుకెళ్ళకుండా కాపాడింది." వెంటనే తిరుమలరావుకి ఫోన్ చేశాడు. తర్వాత గౌరిని ఒక రిపోర్టు తయారు చేయమన్నాడు. ఫైలు తారీకు, టైము, రంగు నంబరు, పేజీ ప్రింటు ఉండాలి. కింద తయారు చేసినవారి సంతకం ఉండాలి. సంతకం గౌరిది.

గౌరి రిపోర్టు టైప్ చేసింది. పదకొండు వరసలొచ్చాయి. చదివి చూసుకుంది. అందులో అబద్ధం లేదు. ప్రింటు తీసి సంతకం చేసింది.

రెండున్నరకి మెట్ల మీదికి వెళ్ళి కూర్మయ్యకి ఫోన్ చేసింది. ఆటోలో ఉన్నాడు. వెనక నలుగురు ఒకేసారి మాట్లాడుతున్నారు. మావా, ఒక సంగతి చెప్పాలి, అందరూ కాదు, నువ్వొక్కడివే విను అంది. ఆయనకి సగం వినబడింది.

"తెలుసే. నువ్వూ వస్తావని సెప్పారు. నాను నిన్ను ఎరగనట్టే ఉంటాను. భయపడకు" అని పెట్టేశాడు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు.

అధికారి గదిలో బల్లకి ఒక పక్క తిరుమలరావు, త్రినాథ్, గౌరి కుర్చీల్లో కూర్చున్నారు. ఇంకో పక్క కూర్మయ్య, ఆయన వెనక పదకొండు మంది నిలబడ్డారు. కుర్చీలున్నాయి. కూర్చోమని ఎవరూ అనలేదు. అధికారి అర్జీ చదివాడు. రిపోర్టు చదివాడు. గౌరిని చూసి, ఈ రెండు వరసలూ మొదటి రోజు నుంచీ ఇదే రంగులో ఉన్నాయా అని అడిగాడు.

"ఉన్నాయి సార్" అంది గౌరి.

కూర్మయ్య తల ఎత్తాడు. ఆమె వంక చూడలేదు. బల్ల మీద ఉన్న గాజు పేపరువెయిట్ వంక చూశాడు.

అధికారి కాగితాలతో సరిపెట్టే మనిషి కాదు. మీ కార్డు ఇవ్వండి అని కూర్మయ్యని అడిగాడు. అసలు నింపని ఆరు గడపల్లో కూర్మయ్యది ఒకటి. సైటు మూసేసినా చూడటానికి పేజీ తెరుచుకుంటుంది. అధికారి నంబరు కొట్టాడు. కూర్మయ్య ఫోనుకి వచ్చిన ఓటీపీ వెనకనున్న కుర్రవాడు చదివాడు. అధికారి తన ఫోను బల్ల మీదుగా ముందుకి జరిపాడు.

"చదవండి."

కూర్మయ్య ఫోను చేతిలోకి తీసుకోలేదు. బల్ల మీదే ఉంచి వంగాడు. మూడో తరగతి చదువు. వేలు పెట్టి మొదటి వరస కూడబలుక్కుని చదివాడు. రెండో వరస చదివాడు. గెడ్డకి ఉత్తరాన అనే దగ్గర ఆగి, మళ్ళీ మొదట్నుంచి చదివాడు. గదిలో అందరూ విన్నారు.

"కనబడుతోందా?" అన్నాడు అధికారి.

"కనబడతంది బాబూ."

"మరి కనబడలేదని రాశారు. ఎవరు చెప్పారు మీకు?"

కూర్మయ్య వేలు ఇంకా తెర మీదే ఉంది. గౌరి కుర్చీ అంచు పట్టుకుంది. లేవలేదు. వెనకనున్న పదకొండు మందిలో ఎవరు చెప్పారో తెలిసినవాళ్ళు కనీసం ఐదుగురు.

"ఎవలూ సెప్పలేదు బాబూ. ముసిలి కళ్ళు. నాకే సరిగ్గా ఆనలేదు" అన్నాడు కూర్మయ్య.

ఇంకేమైనా ఉందా అని అధికారి అడిగాడు. ధనరాజు సంగతి ఒకాయన ఎత్తబోయాడు. అర్జీలో లేదే అన్నాడు అధికారి. గడువు ముగిసింది, ఎంపికలు పైకి పంపించేశాం, అయినా వేరే అర్జీ పెట్టుకోండి, చూద్దాం అన్నాడు. అర్జీ మీద రెండు మాటలు రాసి, కింద సంతకం చేసి, పక్కన పెట్టాడు. పదహారు నిమిషాలు పట్టింది.

బయట చెరకురసం బండి దగ్గర కూర్మయ్య ఒక్కడే నిలబడ్డాడు. మిగతావాళ్ళు ఆటోల దగ్గరికి వెళ్ళిపోయారు. ఎవరూ గౌరితో మాట్లాడలేదు. త్రినాథ్‌ని వెళ్ళమని చెప్పి, గౌరి రోడ్డు దాటి వచ్చింది. రసం గ్లాసు ఆయన చేతిలో అలాగే ఉంది.

"నాను సేసాను మావా. నీకు సెప్పినట్టే సేసాను. మర్నాడు ఎక్కించలేదు. మనోళ్ళకి కనబడాలని ఎక్కించలేదు."

కూర్మయ్య ఆమె వంక తిరిగి చూశాడు. అర్థమైంది.

"ఎవలికైనా సెప్పావేటే?"

"నేదు."

"ఆదివారం మన అరుగు మీద రాస్తన్నప్పుడు నువ్వు లోపలే ఉన్నావు కదా?"

"ఉన్నాను."

గ్లాసు బండి మీద పెట్టాడు. రసం మీద ఈగ వాలితే చేత్తో అదిలించాడు. "ఒక్క ముక్క సెప్పుంటే ధనరాజు మీద రాసీవోణ్ణి కదే. అది నిజం కదే" అన్నాడు. గొంతు పెంచలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని ఆటో వైపు నడిచాడు. ఆటోలో చోటుంది. రమ్మని పిలవలేదు.

బుధవారం తిరుమలరావు మళ్ళీ వచ్చాడు. పక్క ఊరికి కూడా ఇదే సైటు కావాలన్నాడు. పేరు మార్చి, కార్డుల జాబితా మార్చితే చాలన్నాడు. రంగు సంగతి త్రినాథ్ అడిగాడు. అక్కర్లేదన్నాడు తిరుమలరావు. రెండు వరసలూ నల్లగానే ఉండనివ్వండి, నిన్న అధికారి చూసి సంతకం పెట్టిన పేజీ అది, ఇంక ఎవడూ వేలు పెట్టడు అన్నాడు. ఆ మూడు గళ్ళు మాత్రం తీయొద్దన్నాడు. ఊళ్ళో నెట్ సెంటర్ ఉందో లేదో కనుక్కోమన్నాడు.

గౌరి ఫైలు తెరిచింది. రెండు రంగుల పేర్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. రెండో పేరు ఉన్న వరస చెరిపేసింది. దాన్ని వాడిన చోట మళ్ళీ మొదటి పేరు రాసింది. సేవ్ చేసింది. షీబా కొత్త కాగితం మీద నాలుగు పనులు రాసి ఆమె బల్ల మీద పెట్టింది. ఈసారి దేని కిందా గీతలు లేవు.

మొదటిది చేసి టిక్కు పెట్టింది. రెండోది టైప్ చేసి ఎంటర్ నొక్కింది. తొమ్మిది సెకన్లు పట్టింది. ఒక ఫైలు కంపైల్ అయిందని తెర మీద వచ్చింది. గౌరి టిక్కు పెట్టింది.